నల్లి బొక్క, ఇరవై ఏళ్ళు

‘బలగం’ (2023) చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే నేనూ ఏడ్చాను. సిరిసిల్ల వైపు తీసిన సినిమా, మా ఇండ్లల్ల మాట, ఏడవకుండా ఎట్లుంటాం? రెండోసారి చూసినప్పుడు మాత్రం లక్ష్మినే చూస్తూ కూర్చున్నాను.

విందులో నల్లి బొక్క దగ్గర బావ నారాయణకీ, బామ్మర్ది ఐలయ్యకీ మాటా మాటా పెరిగింది. పంతం పట్టింది మగవాళ్ళు. ఇరవై ఏళ్ళు తల్లిగారింటికి దూరమైంది లక్ష్మి. నారాయణకి కోపమొచ్చింది బామ్మర్ది మీద, శిక్ష పడింది భార్యకి.

సిరియా సీరియల్ ‘బాబ్ అల్ హారా’లో అబూ ఇసామ్ కోపంలో ఒక్క మాట అంటాడు, భార్య సువాద్‌కి తలాక్ అయిపోతుంది. అక్కడ కనీసం ఆ మాటకొక పేరుంది. మగవాడి నోట్లో ఎంత అధికారముందో చూసేవాళ్ళకి తెలుస్తుంది. ‘బలగం’లో దానికి పేరు లేదు. పౌరుషం అంటాం, కాసేపు నవ్వుకుంటాం కూడా.

నా చిన్నప్పుడు కోరుట్లలో ఈ కోపం దుబాయ్ నుంచి ఫోన్‌లో వచ్చేది. మా వాడకట్టులో ఫోనున్న ఇల్లు ఒకటే. రిసీవర్ చెవికి పెట్టుకుని ఊ కొడుతూ నిలబడ్డ ఒకామె ఇప్పటికీ గుర్తుంది. పెట్టేశాక అంది: "ఈసారి తల్లిగారింటికి పోవద్దన్నడు." అంతే, వెళ్ళిపోయింది.

రూపలక్ష్మి ముఖంలో ఆమె కనబడింది నాకు. చివరికి బావా బామ్మర్దులు కలిశారు, కాకి ముద్ద ముట్టింది, సంతోషమే. ఆ ఇరవై ఏళ్ళల్లో ఒక్క బతుకమ్మ పండుగైనా లక్ష్మి ఎట్లా గడిపిందో చూపించే సీను ఒకటి ఉంటే బాగుండేది.