వర్ణోత్పత్తి పాఠం – ఒక విమర్శ

కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు – ఈ పట్టికను వల్లెవేయకుండా ఉన్నత పాఠశాల దాటిన విద్యార్థులు తెలుగునాట అరుదు. నిజానికి అది నోటి లోపలి భాగాలకు గీసిన పటం. క, చ, ట, త, ప అని వరుసగా పలికి చూడండి. గాలికి అడ్డు పడే చోటు, మొత్తంమీద, వెనుకనుండి పెదవుల వరకు జరుగుతుంది. ఏ యంత్రమూ లేని కాలంలో ప్రాచీనులు దీనిని గుర్తించారు. అంతటి శాస్త్రాన్ని మన పాఠాలు కంఠస్థం చేయించి వదిలిపెడుతున్నవి.

'కంఠ్యం' అన్న మాటనే తీసుకొందాము. 'క' అనేటప్పుడు నాలుక వెనుకభాగం లేచి మెత్తని అంగిలిని తాకుతుంది. అడ్డు పడేది అక్కడే గాని కంఠంలో కాదు. కొన్ని ప్రాతిశాఖ్యాలు కవర్గకు నాలుక మొదలును స్థానంగా చెప్పినవి. ఆ మాటే సరియైనది. కంఠానికి అసలు పని పరుష సరళాల భేదంలో ఉన్నది. గొంతుముడిపై వేలు ఆనించి 'అక్క' అనీ, 'అగ్గి' అనీ నిదానంగా పలకండి. మొదటి మాటలో నడుమ అదురు ఆగిపోతుంది, రెండవ దానిలో సాగుతుంది. నాలుక రెంటికీ ఒకే చోటనే ఉన్నది. భేదమంతా స్వరపేటికలోని స్వరతంత్రులది. సామాన్యంగా మాట్లాడేటప్పుడు అవి పురుషులలో సెకనుకు 100 నుండి 130 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు అదురుతాయి.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చ, జ లకు తాలవ్య, దంత్య భేదం చెప్పింది. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతు నోట దీనికి ఉదాహరణలు దొరుకుతాయి. చెలక, చెరువు తాలవ్యాలు. ౘుక్క, ౙొన్న దంత్యాలు. సూత్రం పాఠంలో ఉన్నది, కారణం లేదు. ఇ, ఎ అచ్చులకు నాలుక ముందుభాగం గట్టి అంగిలి వైపు లేస్తుంది గనుక వాటికి ముందున్న చకారం కూడా అక్కడికే పోతుంది. ఈ ఒక్క వాక్యం చేర్చితే సూత్రాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

ఇక 'నోరు తిరగదు' అనే నింద. 'కథ'ను 'కత' అనీ, 'భారతం'ను 'బారతం' అనీ పలికిన పల్లెటూరి పిల్లవానికి ఇది తరచుగా తగులుతుంది. ఒత్తక్షరమంటే అడ్డు విడిపోయిన తరువాత వచ్చే అదనపు ఊపిరి; పెదవుల ముందు పలుచని కాగితం పట్టి 'ప', 'ఫ' పలికితే కనిపిస్తుంది. ('ఫ'ను క్రింది పెదవి పండ్లకు ఆనించి పలికే ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. అది వేరే ధ్వని!) చిన్నయసూరి తెలుగుకు లెక్కించిన 36 వర్ణాలలో ఒత్తక్షరాలు లేనే లేవు. ఉర్దూ 'ఖబర్' మన నోట 'కబురు' అయినది కూడా అందుకే. దేవరకొండ తండాలలోని లంబాడీ పిల్లవాడు ఇంటిని 'ఘర్' అంటాడు. అతని నాలుకలో ప్రత్యేకమైన కండరమేదీ లేదు; ఇంటిభాషలో ఆ ధ్వని ఉన్నది.

చెవికి కూడా ఇదే వర్తిస్తుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇండ్లలోని 6–8 నెలల శిశువులు హిందీ త, ట ల తేడాను పట్టగలిగారు. ఏడాది నిండేసరికి చాలామంది పట్టలేకపోయారు. కనుక 'భారతం' వ్రాతలో ఒత్తు నేర్పవలసినదే, నోటికి అభ్యాసం ఇవ్వవలసినదే. పిల్లవానిలో లోపం వెదకరాదు.

నిజమైన లోపాలు వేరు. వాటిని గుర్తించే పద్ధతి కూడా ఈ పాఠంలోనే చెప్పవచ్చును. పిలిస్తే పలకని పిల్లకు ముందు చెవి పరీక్ష అవసరం. అంగిలి చీలిన బిడ్డకు ప, బ లకు కావలసిన గాలి నోట నిలువక ముక్కులోకి పోతుంది. ఆ బిడ్డను వైద్యుని వద్దకు పంపవలెను.