వేదిక మీది సంస్కృతి, తరగతిలోని భాష: బహుసాంస్కృతిక విద్యార్థులూ తెలుగు శాఖల బాధ్యతా

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయాల్లో ఇతర రాష్ట్రాల, ఇతర దేశాల, సరిహద్దు ప్రాంతాల విద్యార్థులకోసం నిర్వహించే సాంస్కృతిక కార్యక్రమాలు చాలావరకు ప్రదర్శనతోనే ముగుస్తున్నాయి. అతిథి పాడతాడు, ఆతిథేయుడు చప్పట్లు కొడతాడు. పాటకు అర్థమేమిటని అడిగేవారు అరుదు. మదనపల్లె, కుప్పం, అంగళ్లు ప్రాంతాల విద్యాచరిత్రనూ భాషాస్థితినీ ఆధారం చేసుకొని ఈ ధోరణిని విమర్శనాత్మకంగా పరిశీలించడం, అందులో తెలుగు శాఖల పాత్రను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బహుసాంస్కృతికత, అనువాదం, సరిహద్దు తెలుగు, మదనపల్లె, కుప్పం, గిడుగు రామమూర్తి, మాండలికం.

1. ఉపోద్ఘాతం

మదనపల్లెకు సమీపంలో, కురబలకోట మండలంలో ఉన్న అంగళ్లు టమాటా మార్కెట్టుకూ ఇంజినీరింగ్ చదువుకూ పేరుపడిన ఊరు. 1998లో ఇక్కడ మొదలైన మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఇప్పుడు డీమ్డ్ విశ్వవిద్యాలయం. కర్ణాటక సరిహద్దు ఇక్కడికి దగ్గర. మార్కెట్టులో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఏ వ్యాపారీ తన భాషను ప్రదర్శించడు. అవతలివాడికి అర్థం కావడమే అతనికి కావాలి.

కళాశాల ఆవరణలో పరిస్థితి వేరు. జాతీయ విద్యావిధానం-2020 తరువాత విశ్వవిద్యాలయాలలో అంతర్జాతీయీకరణ ఒక లక్ష్యంగా స్థిరపడింది. 2021లో యూజీసీ వెలువరించిన మార్గదర్శకాలు విదేశీ విద్యార్థులకోసం ప్రతి విశ్వవిద్యాలయంలో ప్రత్యేక కార్యాలయం ఉండాలని సూచించాయి. అంతకుముందే, 2015 అక్టోబరు 31న ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ పథకంలో రాష్ట్రాలను జతలుగా కలిపారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబు, తెలంగాణకు హర్యానా జత అయ్యాయి. దూరప్రాంతాల మధ్య పరిచయం కలగడం మంచిదే. అయితే కుప్పంలో చదివే విద్యార్థికి రోజూ ఎదురయ్యే పరభాషలు తమిళం, కన్నడం. పథకం ప్రకారం అతడు భాంగ్రా అభ్యసిస్తాడు. పక్క బెంచీలోని తమిళ విద్యార్థి ఇంట్లో ఏ పాట పాడుకుంటారో అతనికి తెలియదు. దూరంగా ఉన్నది సంస్కృతిగా, పక్కన ఉన్నది మామూలు విషయంగా కనిపించడం ఈ కార్యక్రమాల తొలి లోపం.

ఇది వేడుకల నాణ్యతకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2014 జనవరిలో అరుణాచల్‌ప్రదేశ్‌కు చెందిన విద్యార్థి నిడో తానియా ఢిల్లీలో దాడికి గురై మరణించాడు. అతని రూపురేఖల మీద విసిరిన హేళనతోనే ఆ ఘర్షణ మొదలైంది. ఆ తరువాత కేంద్ర హోంమంత్రిత్వశాఖ నియమించిన బెజ్‌బరువా సంఘం ఈశాన్య రాష్ట్రాల చరిత్ర, సంస్కృతి పాఠ్యాంశాల్లో భాగం కావాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు తరగతిగదిని ఉద్దేశించింది. మనం దానికి బదులుగా వేదికను ఇచ్చి సరిపెట్టుకుంటున్నాం.

2. 1919 నాటి మదనపల్లె

ఈ ప్రాంతంలో ఒక పరభాషా అతిథి పాడిన సందర్భం ఒకటి చరిత్రకెక్కింది. 1915లో అనీబిసెంట్ స్థాపించిన మదనపల్లె థియోసాఫికల్ కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ కవి. ఒక సాయంత్రం అధ్యాపకులూ విద్యార్థులూ కూడిన సభలో టాగోర్ ‘జనగణమన’ను పాడారు. పల్లవి దగ్గర విద్యార్థులు గొంతు కలిపారని కజిన్స్ రాసుకున్నారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి వినిపించిన ఈ గీతం 1950 జనవరి 24న జాతీయగీతమైంది. ఈ రెండు తేదీల నడుమ మదనపల్లె ఉంది.

ఆ సంగతి మనం తరచు గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆ గర్వం పాడిన సాయంత్రం దగ్గరే ఆగిపోతుంది. ఆ తరువాత జరిగిన పనే ఈ వ్యాసానికి ముఖ్యం. విన్నవారు అర్థం తెలుసుకోగోరారు. టాగోర్ ఆ గీతాన్ని ఇంగ్లిషులోకి అనువదించి, ఫిబ్రవరి 28న స్వదస్తూరీతో ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అనే పేరుతో రాసి ఇచ్చారు. పాశ్చాత్య సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ బాణీని స్వరలిపిలోకి ఎక్కించారు. కళాశాలలో అది ప్రాతఃకాల గీతమైంది. అంటే అతిథి పాట ఆతిథేయుల దినచర్యలో చేరింది. పాడినవాడు కొంత పనిచేశాడు, విన్నవారు ఇంకొంత పనిచేశారు. ఈనాటి సాంస్కృతికోత్సవంలో లోపించింది ఈ రెండో పని. అస్సాం విద్యార్థి బిహు నృత్యం చేసి దిగిపోతాడు. ఆ పాట పదాలు ఎవరి నోటుపుస్తకంలోకీ ఎక్కవు.

ఈ ఉదంతాన్ని ఆదర్శంగా నిలపడంలో నాకొక ఇబ్బంది ఉంది. మదనపల్లెలో జరిగిన ఆ అనువాదం బెంగాలీ నుంచి ఇంగ్లిషుకు. తెలుగునేల మీద, తెలుగు విద్యార్థుల మధ్య జరిగిన ఆ సంస్కృతీ వినిమయంలో మధ్యవర్తిగా నిలిచినది తెలుగు కాదు. అక్కడ బెంగాలీ కవి, ఐరిష్ దంపతులు కలిసినందున అది సహజమే అనవచ్చు. నూరేళ్లు దాటాక కూడా మన ఆవరణల్లో ఇంగ్లిషు ఒక్కటే వంతెనగా మిగలడాన్ని మాత్రం సహజమనలేం. స్వాగతోపన్యాసం ఇంగ్లిషులో, వ్యాఖ్యానం ఇంగ్లిషులో, ప్రశంసాపత్రం ఇంగ్లిషులో నడుస్తాయి. తెలుగు శాఖవారిని పిలిచేది ప్రార్థనాగీతానికి, కాదంటే ‘మా తెలుగు తల్లికి’ పాడించడానికి.

3. కుప్పం: గీతకు రెండువైపులా ఉన్నవారు

టాగోర్ గీతంలోని ప్రాంతనామాల్లో ‘ద్రావిడ’ ఒకటి. ఆ పేరుతోనే, మదనపల్లె కూడా ఒకనాడు భాగంగా ఉన్న చిత్తూరు జిల్లాలో, కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడులు కలిసేచోట, పొరుగు రాష్ట్రాల సహకారంతో, ద్రావిడ భాషలన్నిటినీ ఒకేచోట అధ్యయనం చేయాలన్నది దాని సంకల్పం. బహుసాంస్కృతికత అనే మాట మన పత్రాల్లోకి రాకముందే ఆ ఆలోచన ఒక సంస్థగా రూపుదిద్దుకున్నదన్నమాట. ‘కుప్పం’ అన్న మాట కూడా తమిళనాట అనేక ఊళ్ల పేర్ల చివర వినిపించేదే.

సరిహద్దు విద్యార్థిని ఏ వరుసలో నిలబెట్టాలన్నది మన కార్యక్రమాలకు తెలియదు. ఇందులో నా తప్పూ ఉంది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో ‘రాష్ట్రాల సంగమం’ అనే కార్యక్రమం నిర్వహణ నాకు అప్పగించారు. ప్రవేశపత్రాల్లోని చిరునామాలు చూసి జాబితా తయారుచేశాను. హొసూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని పేరు ఎదుట ‘తమిళనాడు’ అని రాసి, తమిళ జానపదగీతం సిద్ధం చేసుకోమన్నాను. ఆ అమ్మాయి కాసేపు నిలబడి, “మా ఇంట్లో మాట్లాడేది తెలుగే మేడమ్. అరవం నాకు బళ్లోనే వచ్చింది” అంది. అయినా తమిళపాటే పాడింది, ఎందుకంటే ఆహ్వానపత్రం అప్పటికే అచ్చయింది. తమిళనాడులో తెలుగుపిల్లగా, ఆంధ్రలో తమిళపిల్లగా ఆమెను నిలబెట్టిన జాబితా నా దస్తూరీలోనే ఉంది.

రాష్ట్రానికొక నృత్యం, రాష్ట్రానికొక దుస్తు అనే విభజన ఈ ప్రాంతపు అనుభవానికి విరుద్ధం. చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలను పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషధారి తపస్సుమాను ఎక్కే రోజు సంతానం కోరే స్త్రీలు కింద సాష్టాంగపడి ఉంటారు. చివరిరోజు మట్టితో పరచిన దుర్యోధనుడి భారీ విగ్రహం తొడను భీముడు కొడతాడు. సరిహద్దుకు ఆవల ఇదే తెరుక్కూత్తు. వేషం, కిరీటం, తెర, మద్దెల ఒకే కుటుంబానికి చెందినవి. భాష మారినా ప్రేక్షకుడు కథ తప్పిపోడు. దీన్ని ‘ఆంధ్రప్రదేశ్’ అట్టమీద పెట్టాలా, ‘తమిళనాడు’ అట్టమీద పెట్టాలా? పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకూ కుప్పం గంగమ్మ జాతరకూ వచ్చే జనాన్ని రాష్ట్రాలవారీగా విడదీయగలమా? సంగటిముద్దను సరిహద్దు దాటగానే ‘ముద్దె’ అనో ‘కళి’ అనో అంటారు. రాగిపిండి మాత్రం రాగిపిండే. ఉమ్మడి సంపదను విడివిడి పెట్టెల్లో పెట్టి, తరువాత వాటి నడుమ ‘ఐక్యత’ను ప్రదర్శించడంలో ఒక విచిత్రమైన శ్రమ ఉంది.

4. గిడుగు పుట్టినరోజున మార్కుల కోత

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాం. వక్తృత్వపోటీలు పెడతాం. ఇంగ్లిషు మాట దొర్లితే మార్కు తగ్గిస్తాం. ‘ఉంది’కి బదులు ‘ఉండాది’ అన్న కుప్పం పిల్లవాడికీ, ‘వస్తున్నాను’కు బదులు ‘వస్తా ఉండాను’ అన్న పుంగనూరు అమ్మాయికీ కూడా తగ్గిస్తాం. ఎం.ఏ. తరగతిలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ను మాండలిక సాహిత్యపు మేలైన ఉదాహరణగా బోధించేదీ మనమే, అదే భాష విద్యార్థి నోట వినిపిస్తే నవ్వేదీ మనమే. సొంత జిల్లా తెలుగుకే చోటివ్వని వేదిక హొసూరు తెలుగుకు గాని, తెలుగు కొత్తగా నేర్చుకొని తడబడుతూ పలికే ఒడియా విద్యార్థికి గాని చోటిస్తుందని ఆశించలేం.

వ్యావహారిక భాషోద్యమకారుడిగా గిడుగును తలచుకుంటాం. ఆయన జీవితంలోని మరోసగం ఈ చర్చకు మరింత దగ్గరైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేశారు. 1931లో సవరభాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వెలువడ్డాయి. తరగతిలో తన భాష తెలియని విద్యార్థి ఉన్నప్పుడు ఉపాధ్యాయుడు ఏం చేయాలన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం సభ కాదు, నిఘంటువు. ఆయన పుట్టినరోజున ఏ కళాశాలలోనైనా సవరభాషలో ఒక్క వాక్యం వినిపించడం నేను చూడలేదు. ఆనాటి పోటీల్లో నేనూ న్యాయనిర్ణేతగా కూర్చున్నాను కనుక ఈ మాట ఇతరులను ఉద్దేశించి మాత్రమే అనడం లేదు.

5. శాఖ చేయగల పని

విదేశీ విద్యార్థుల వీసా, వసతి, ఆరోగ్య సమస్యలు పరిపాలనా విభాగాలకు చెందినవి. వాటిలో తెలుగు శాఖ చేయగలిగింది తక్కువ. భాష మాత్రం మన పరిధిలోది. హాస్టల్ వంటమనిషితో, బస్సు కండక్టరుతో, మందుల దుకాణంలో మాట్లాడటానికి అవసరమైన తెలుగును నలభై గంటల్లో నేర్పే వాచకం ప్రతి కళాశాలకూ అవసరం. అది రాయగలిగినవారు మన శాఖల్లోనే ఉన్నారు. అయితే అటువంటి వాచకానికి పరిశోధన విలువ ఉన్నదని మన అంచనా పద్ధతులు గుర్తించవు. ప్రబంధాల్లో వర్ణనల మీద మరో సిద్ధాంతగ్రంథానికి పట్టా వస్తుంది. కుప్పం హాస్టల్లో నాలుగు భాషల విద్యార్థులు పరస్పరం ఎలా మాట్లాడుకుంటున్నారన్న అంశం తీసుకుంటే, ఇది సాహిత్యం కాదు కదా అనే ప్రశ్న మొదట ఎదురవుతుంది. సాంస్కృతికోత్సవానికి నెలరోజుల ముందు ప్రతి పరభాషా గీతానికీ తెలుగు విద్యార్థిని ఒకరిని జతచేసి, ఇద్దరూ కలిసి తెలుగు అనువాదం సిద్ధం చేసేలా చూడటం ఖర్చులేని పని. సమయం పడుతుంది. వేదికమీద అంశాల సంఖ్య తగ్గుతుంది. నిర్వాహకులకు నచ్చనిది బహుశా అదే.

హొసూరు విద్యార్థిని ఉదంతం తరువాత నేను జాబితాలు రాయడం మానుకొని, తరగతిలో ఒక చిన్న అభ్యాసం మొదలుపెట్టాను. ‘అంగళ్లు’ అనే ఊరిపేరు బోర్డుమీద రాసి, మీ ఇంటిభాషలో దీన్ని ఏమంటారో రాయమంటాను. తెలుగు పిల్లలు ‘అంగడి’ అని రాస్తారు. కన్నడ విద్యార్థిదీ ‘అంగడి’యే. తమిళంలో ‘అంగాడి’, మలయాళంలో ‘అంగాడి’. బరో, ఎమెనో నిఘంటువు తెరిచి చూపే లోపే ఇది ఒకే మాట అని వారికి తెలిసిపోతుంది. మొదటిసారి ఈ అభ్యాసం చేసిన రోజు అస్సాం నుంచి వచ్చిన అబ్బాయి కాగితం ఖాళీగా పెట్టుకొని కూర్చున్నాడు. అంగడి అంటే ఏమిటని పక్కవాణ్ణి అడిగి, తెలుసుకొని ‘దొకాన్’ అని రాశాడు. ఉర్దూ మాట్లాడే మదనపల్లె అమ్మాయి ‘దుకాన్’ అని రాసి ఉంది. వెనక బెంచీలో తూర్పు ఆఫ్రికా విద్యార్థి ఒకడు స్వాహిలీలో ‘దుకా’ అంటామన్నాడు. అరబ్బీ నుంచి ఆ మాట సముద్రం మీదుగా అటు వెళ్లిన తీరు చెబుతూ, తెలుగులో మేమూ ‘దుకాణం’ అంటామని బోర్డుమీద ఇంకో వరుస గీశాను. ఆ గంట నేను చెప్పవలసిన పాఠం మిగిలిపోయింది. హొసూరు అమ్మాయి లేచి, రెండు వరుసల్లోనూ తన పేరు రాసుకోవచ్చా అని అడిగింది.