రాగం పేరు రాసి ఉన్న గ్రంథం

అమృత్‌సర్ దర్బార్ సాహిబ్‌లో, అంటే మనం స్వర్ణ దేవాలయం అని పిలిచే చోట, మూడేళ్లలో హార్మోనియాన్ని పక్కన పెట్టి రబాబు, సారందా వంటి తంత్రీ వాద్యాలతోనే కీర్తన జరిగేలా చూడమని 2022 మే నెలలో సిక్కుల అత్యున్నత ధర్మపీఠమైన అకాల్ తఖ్త్ జథేదారు, గురుద్వారాల నిర్వహణ చూసే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీకి చెప్పారు. ఆ మాట మీద వాదం ఇంకా నడుస్తోంది. తెల్లవాళ్ల నుంచి వచ్చిన పెట్టె, పోతే పోనీ అనేవాళ్లు ఒక పక్కన ఉన్నారు. మా తాతలూ తండ్రులూ దానిమీదే పాడారు, వాళ్ల భక్తి భక్తి కాదా అనేవాళ్లు ఇంకో పక్కన ఉన్నారు. నాకు మాత్రం ఈ తగవు వాద్యం దగ్గర మొదలుకావడమే చిక్కు అనిపిస్తుంది. గురుగ్రంథ్ సాహిబ్ పుట పాటగాణ్ణి ఏం అడుగుతోందో ముందు చూడాలి, వాద్యం సంగతి ఆ తర్వాత. పుట అడిగినది చేయకుండా పెట్టెను మాత్రం బయటికి పంపితే ఏదో సంస్కరించామన్న తృప్తి తప్ప ఇంకేమీ మిగలదు.

గ్రంథంలో 1430 పుటలున్నాయి. సిక్కులు వాటిని అంగాలంటారు. 1604లో గురు అర్జన్ దేవ్ భాయి గురుదాస్ చేత రాయించి దీన్ని కూర్చినప్పుడు కవుల వారీగానో విషయాల వారీగానో పెట్టలేదు, రాగాల వారీగా పెట్టారు. మొదట సిరీ రాగం వస్తుంది. చివరిది జైజావంతి. అది తర్వాతి కాలంలో గురు గోవింద్ సింగ్ తన తండ్రి తేగ్ బహదూర్ పదాలు చేర్చినప్పుడు వచ్చింది. దానితో కలిపి 31 రాగాలు. గురువులు రాసినా, నేతగాడు కబీరు రాసినా, చర్మకారుడు రవిదాసు రాసినా, సూఫీ షేక్ ఫరీదు రాసినా ఆ పదం ఏదో ఒక రాగం కిందికి రావలసిందే. కొన్ని రాగాల పేర్ల పక్కన ‘దఖణీ’ అన్న మాట కూడా ఉంటుంది. రామకలీ దఖణీ, మారూ దఖణీ అలాంటివే. పంజాబు గ్రంథంలో మన దక్కను పేరు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడాలనిపిస్తుంది.

ఒక పుట తెరిచి చూద్దాం. ధనాసరి రాగం 660వ అంగంలో మొదలవుతుంది. శీర్షికలో రాగం పేరు ధనాసరి అని, రచన మహలా 1 అని, అంటే గురునానక్‌దని, ఘరు 1 అని, రూపం చౌపదే అని ఉంటాయి. ఘరు అంటే తాళమా, స్థాయి భేదమా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. అయితే 1 నుంచి 17 దాకా అంకెలు వేసి మరీ ఇచ్చారంటే అది పాడేవాడి కోసం పెట్టిన సూచనే అయి ఉండాలి. ఇక పదం లోపల ఒక చోట ‘రహావు’ అని రాసి ఉంటుంది. అది పల్లవి గుర్తు. వార్ అనే దీర్ఘ రచనలు 22 ఉంటే, వాటిలో తొమ్మిదింటికి ఏ వీరగాథ బాణీలో పాడాలో కూడా చెప్పారు. తెల్లవారుజామున పాడే ఆసా దీ వార్‌కు చెయ్యి తెగిన అస్రాజు గాథ బాణీని పేరుతో సహా సూచించారు. రాగం, ఘరు, పల్లవి, బాణీ ఇంత జాగ్రత్తగా రాసిన ఈ శీర్షికల్లో వాద్యం పేరు ఒక్కచోటా లేదు.

శీర్షికలకు ఇంత విలువ ఎందుకంటారా? 1708లో నాందేడ్‌లో, మన తెలంగాణ జిల్లాలకు పక్కనే, గోదావరి ఒడ్డున, తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని గురు గోవింద్ సింగ్ ప్రకటించారు. పుటే గురువైనప్పుడు శీర్షిక కూడా గురువు మాటే అవుతుంది. కీర్తనకు గొంతెత్తడం ఒక్కటే చాలదు, ఆ మాట వినడం కూడా కావాలి. 1945లో ఖరారైన సిక్కుల నియమావళి, సిక్కు రహిత్ మర్యాద కూడా గురుబాణీని రాగాల్లో పాడటాన్నే కీర్తన అని నిర్వచించింది.

అదే ధనాసరిలో 663వ అంగం మీద గురునానక్ ఆరతి ఉంది. పూరీ జగన్నాథుని సన్నిధిలో చెప్పారని సంప్రదాయం. మొదటి చరణంలో ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, చుక్కలే ముత్యాలు, మలయ మారుతమే ధూపం. రహావు గుర్తు ఈ చరణానికి లేదు, దీని తర్వాత వచ్చే పాదానికి ఉంది. అక్కడ కవి, ఇది ఎలాంటి ఆరతి అని ఆశ్చర్యపోయి, లోపల మోగే అనాహత నాదమే భేరి అంటాడు. ఈనాడు చాలామంది మొదటి పాదాన్నే పల్లవిగా పట్టుకుంటారు. అందమైన బొమ్మ, ఇట్టే నోటికొచ్చే మాటలు, కాబట్టి అది సహజమే. కానీ అలా పాడితే పాట ప్రతిసారీ ఆకాశపు పళ్లెం దగ్గరికే తిరిగొస్తుంది. రహావును పల్లవి చేసి చూడండి. నీకు వేయి కన్నులు, అయినా ఒక్క కన్నూ లేదు అన్న చరణం తర్వాత మళ్లీ ఆ ఆశ్చర్యమే వస్తుంది. అందరిలోనూ వెలిగేది ఒకే జ్యోతి అన్న చరణం తర్వాత మళ్లీ ఆ లోపలి నాదమే వస్తుంది. కంటి ముందున్న ఆరతి నుంచి గుండెలో ఉన్న ఆరతికి నడిపించడం ఈ పదం పని. పల్లవి మారితే ఆ నడక ఆగిపోతుంది. రహిత్ మర్యాద పల్లవి ఆ పదంలోని పాదమే కావాలి, బయటి మాటలు చేర్చకూడదు అన్నంతవరకే చెప్పింది. గ్రంథం ఇంకా కచ్చితంగా వేలు పెట్టి చూపిస్తోంది. ఇందులో హార్మోనియం పాపం ఏమీ లేదు. రబాబు చేతబట్టి కూడా ఇదే తప్పు ఇంతే హాయిగా చేయవచ్చు.

అయితే హార్మోనియం మీద ఉన్న అభియోగం ఉత్తదేమీ కాదు. దాని స్వరాలు కర్మాగారంలోనే బిగిసిపోయి వస్తాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకాన్ని, కొంచెం తగ్గించి పలకాల్సిన కోమల స్వరాన్ని అది పలికించలేదు. ఈ కారణాలు చూపించే ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా సడలించలేదు. సిక్కు కీర్తన బృందంలో, అంటే జత్థాలో, ఇంకో చిక్కుంది. ఇద్దరు రాగీలు చెరొక హార్మోనియం ముందు పెట్టుకుంటారు, తబలా మూడో మనిషిది. పాడేవాడే వాయిస్తాడు కాబట్టి గొంతు వేళ్ల వెంట నడవడం మొదలుపెడుతుంది. మెట్టు ఎక్కడుంటే స్వరం అక్కడే ఆగుతుంది. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ హిందుస్తానీ గాత్ర విద్వాంసులు హార్మోనియం పక్క వాద్యంగా పెట్టుకుని రాగాల్ని కాపాడారు. మన పద్యనాటకాల్లో ఆ పెట్టె మీదే ఎంతోమంది నటులు మోహన, కల్యాణి, శంకరాభరణం సాగదీసి సాగదీసి పాడారు, జనం వన్స్ మోర్లు కొట్టారు. రాగం ఉండటం, పోవటం వాద్యం కన్నా పాడేవాడి చదువు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. దర్బార్ సాహిబ్‌లోనే, హార్మోనియం ఉండగానే, లోహ్రీ రాత్రి నుంచి హోలా మొహల్లా దాకా బసంత్ రాగం పాడే ఆనవాయితీ నిలిచింది.

రాగాలన్నవి పండితుల వ్యవహారం, సంగత్‌కు, అంటే గురుద్వారాలో కూడిన భక్తులకు, కావలసింది మాటా భావమూ, సినిమా బాణీలో పాడితే పిల్లలు కూడా గొంతు కలుపుతారు కదా అనే వాదం ఒకటుంది. మాటా భావమూ కావాలన్నది నిజమే. అయితే రాగం అక్కర్లేదనుకున్న చోట దాన్ని వదిలేయడం గురువులకు తెలుసు. గ్రంథానికి తొలి వాకిలి అయిన జపుజీకి రాగం లేదు. అది చదువుకునే రచన. చివర్లో సలోకులూ సవయ్యాలూ రాగాలకు బయటే ఉన్నాయి. అంటే మిగతా చోట రాగం పెట్టింది ఊరికే కాదు. పైగా ఆ రాగాలన్నీ దర్బారు సంగీతం కూడా కావు. మాఝ్ పంజాబు నేలలో పుట్టిందే. వీరగాథల బాణీలు ఊరి పాటగాళ్లవే. జనం నోటిలో ఉన్నదాన్ని తీసుకుని ఒక క్రమంలో పెట్టిన పని ఇది.

గట్టి అభ్యంతరం మూడోది. 1604లో ధనాసరి ఎలా వినిపించేదో మనకు తెలియదు. ఆరోహణా అవరోహణా ఎక్కడా రాయలేదు. రాగాలు నాలుగు వందల ఏళ్లలో మారిపోయాయి. అలాంటప్పుడు పేరు పట్టుకుని వేలాడటం దేనికి? తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గురునానక్ 1469లో పుడితే, మన అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. ఇద్దరూ కొన్నేళ్లు ఒకే కాలంలో బతికారు. తిరుమల రాగిరేకుల మీద కీర్తనలకు రాగం పేర్లున్నాయి, స్వరాలు లేవు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ పేర్లకు గొంతునిచ్చే ప్రయత్నం చేశారు. కొందరు రేకు మీది రాగాన్నే పట్టుకున్నారు, కొందరు తమకు నచ్చిన రాగంలో కట్టారు. పాత బాణీ దొరకలేదన్నది నిజమే. అయినా రేకు మీద పేరు ఉంది కాబట్టే, ఎవరు దాన్ని గౌరవించారో ఎవరు వదిలేశారో మనం అడగగలుగుతున్నాం. సిక్కుల పరిస్థితి మనకన్నా మెరుగు. తరతరాలుగా నోటి మీద వచ్చిన బందిష్‌లను భాయి అవతార్ సింగ్, భాయి గురుచరణ్ సింగ్ సోదరులు రాసి పెట్టారు. పంజాబీ విశ్వవిద్యాలయం 1979లో వాటిని అచ్చువేసింది. 1991లో లూధియానా దగ్గరి జవద్దీలో సంగీత సమ్మేళనం పెట్టి రాగీల చేత గ్రంథంలోని రాగాల్లో పాడించారు. పంజాబు బయట కూడా పని సాగుతోంది. దిల్‌రుబా, తావూస్, ఎస్రాజ్, సారంగీ, సారందాల మీద నేర్చుకున్న కీర్తన 2024లో బ్రిటన్ గ్రేడ్ పరీక్షల్లోకి వచ్చింది. తంత్రీ వాద్యాలు రావాలి, తప్పకుండా రావాలి. కానీ చదువు ముందు రావాలి, గడువు తర్వాత.

ఇక సంప్రదాయం పేరుతో రబాబును వెనక్కి పిలుస్తున్నారు కాబట్టి ఒక మాట అడగక తప్పదు. గురునానక్ వెంట రబాబు మోసుకుని తిరిగిన మర్దానా ముస్లిం. ఆ వరుసలో వచ్చిన రబాబీలు 1947 దాకా దర్బార్ సాహిబ్‌లో పాడారు. దేశ విభజన వాళ్లను లాహోర్ వైపు తోసేసింది. ఆ రబాబీల పూర్వులు సత్తా, బల్వండ్ రాసిన వార్ 966వ అంగం మీద గురువుల పదాల పక్కన, రామకలీ రాగంలో ఉంది. 1945 నియమావళి మాత్రం సంగత్‌లో కీర్తన సిక్కు మాత్రమే చేయాలంటోంది. మహిళల సంగతీ అలాగే ఉంది. దర్బార్ సాహిబ్ గర్భగుడిలో వాళ్లనూ కీర్తన చేయనివ్వమని 2019లో పంజాబ్ అసెంబ్లీ తీర్మానం చేసి మరీ కోరాల్సి వచ్చింది. వాద్యాన్ని మాత్రం నాలుగు వందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్లి, వాయించిన మనిషిని గుమ్మం బయటే నిలబెడితే అది సగం సంప్రదాయమే. ఆ నియమాన్ని మార్చే అధికారం సిక్కు పంథ్‌కే ఉంది. హార్మోనియం గడువు గురించి మాట్లాడేవాళ్లు ఈ నియమం గురించి కూడా మాట్లాడాలి.