పుచ్చుకోవడం ఎటు పోయింది?

పత్రికలో చేరిన మొదటి నెల. రాత్రి డ్యూటీ. ఏజెన్సీ కాగితాల కట్టలోంచి అమెరికా కోర్టు వార్త ఒకటి నా వంతుకు వచ్చింది. హత్య కేసు, నాలుగు పేరాలు. రెండో పేరాలో, పక్కింటామె 'టుక్ ద స్టాండ్' అని ఉంది. స్టాండ్ అంటే వైఖరి అని నాకు తెలుసు, రాజకీయ వార్తల్లో రోజూ తగిలే మాటే. టుక్ అంటే తీసుకోవడమని ఇంగ్లీషు వాచకం తెరిచిన నాటి నుంచీ తెలుసు. ఇంకేం, 'హతుడి పక్కింటి మహిళ శుక్రవారం ఒక వైఖరి తీసుకుంది' అని రాసి ట్రేలో పడేశాను.

నైట్ ఇన్‌ఛార్జి ఆ కాగితం పట్టుకుని నా కుర్చీ దగ్గరికే వచ్చారు. "ఏమయ్యా, ఈవిడ తీసుకున్న వైఖరి సంచీలో పట్టిందా, రిక్షా కట్టించుకుందా?" నేను బిక్కమొహం వేశాను. ఆయన ఎర్ర పెన్నుతో నా వాక్యం సగం కొట్టేసి పైన 'బోనెక్కింది' అని రాశారు. "ఇంగ్లీషువాడికి ఒకటే చెయ్యి. అన్నీ దాంతోనే తీసుకుంటాడు. మనకి కాళ్ళూ, నోరూ, నడుమూ కూడా ఉన్నాయి. కాస్త వాడు" అని టీకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నుంచి ఇవాళ్టి దాకా ఆ టేక్ అనే క్రియతో నాకు లడాయే. వాడు బస్సును టేక్ చేస్తే మనం ఎక్కుతాం. ఎడమ సందు టేక్ చేస్తే మనం తిరుగుతాం. మాత్ర వేసుకుంటాం, అడుగు వేస్తాం, ధైర్యం చేస్తాం, సెలవు పెడతాం, పగ తీర్చుకుంటాం. మధ్యాహ్నం కునుకు మాత్రం తీస్తాం. ఫోటో సంగతి మరీ ముచ్చట. ఇంగ్లీషులో కెమెరా వెనక ఉన్నవాడికీ, ముందు నిలబడ్డవాడికీ టేకే గతి. మన దగ్గర తీసేవాడు తీస్తాడు, ఎదురుగా పళ్ళికిలించేవాడు దిగుతాడు. సెల్ఫీ వచ్చాక తీసేవాడూ దిగేవాడూ ఒక్కడే అయ్యాడు. అయినా జనం తడబడలేదు, 'సెల్ఫీ దిగాం' అనేశారు. ఏ భాషా సంఘమూ కూర్చుని తేల్చిన మాట కాదది.

క్రికెట్ పేజీ చూసేవాళ్ళకి ఈ తేడా నేర్పక్కర్లేదు. 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ కోట్లా మైదానంలో పాకిస్తాన్ మీద అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో పదికి పది, 74 పరుగులిచ్చి పడగొట్టాడు. పదోది వసీం అక్రమ్. బంతి షార్ట్ లెగ్‌లో ఉన్న మన లక్ష్మణ్ చేతిలో పడింది. ఇంగ్లీషు వ్యాఖ్యాతకి కుంబ్లే వికెట్ టేక్ చేశాడు, లక్ష్మణ్ క్యాచ్ టేక్ చేశాడు. తెలుగులో వికెట్ తీస్తారు, క్యాచ్ పడతారు. తీయడమంటే ఉన్న చోటి నుంచి ఊడదీయడం, పట్టడమంటే జారిపోయేదాన్ని ఆపడం. ఒకే బంతికి ఇద్దరు రెండు పనులు చేశారని తెలుగు క్రియ చెప్పకుండానే చెబుతుంది.

అలాగని ఇంగ్లీషువాడిని వెర్రివాడనుకోకూడదు. వాడి కిటుకంతా క్రియలో లేదు, తోకలో ఉంది. ఆ టేక్ వెనక ఆఫ్ అనో, ఇన్ అనో, ఆఫ్టర్ అనో, టు అనో చిన్న ముక్క తగిలిస్తాడు. అర్థం మొత్తం అటు తిరుగుతుంది. విమానం టేక్ ఆఫ్ అంటే లేస్తుంది, చొక్కా అయితే విప్పుతాం, చెప్పులు విడుస్తాం, కళ్ళజోడు తీస్తాం. పిల్లాడు ఎవరినో టేక్ ఆఫ్టర్ చేశాడంటే మేనమామ పోలిక వచ్చిందని. టేక్ టు దగ్గర నేను ఇప్పటికీ కలం ఆపుతాను. మనిషి తాగుడుకి టేక్ టు అయితే 'మరిగాడు' అనాలి, కుక్కపిల్ల మనిషికి టేక్ టు అయితే 'మాలిమి అయింది' అనాలి. మరగడంలో రుచి ఉంది, మాలిమిలో నమ్మకం ఉంది. టేక్ ఇన్ ఇంకా కొంటెది. దిక్కులేనివాణ్ణి ఇంట్లో పెట్టుకున్నా అదే, నమ్మించి ముంచినా అదే, వదులైన జాకెట్టుకి లోపలి కుట్టు వేసినా అదే. అర్థాల లెక్కలో టేక్ పెద్దన్న కూడా కాదట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు రన్ అనే క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేల్చారు. ఆ రన్ జోలికి ఇవాళ పోను.

సినిమావాళ్ళు మాత్రం టేక్‌ని మనకంటే బాగా లొంగదీశారు. దాన్ని వస్తువుని చేసి పారేశారు. డైరెక్టరు టేక్ తీస్తాడు, డైలాగు నోరు తిరగనివాడు టేకులు తింటాడు. టేకులు తినడమనే మాట పుట్టించినవాడెవడో గానీ వాడికో దండ వేయాలి.

పరీక్ష దగ్గర కథ తిరగబడింది. ఇంగ్లీషువాడు పరీక్షను టేక్ చేస్తాడు. మనం రాస్తాం. దాంతో మన పిల్లలు ఇంగ్లీషులోనూ 'ఐ రోట్ ద ఎగ్జామ్' అంటారు. హిందీవాళ్ళు పరీక్ష ఇస్తారు కాబట్టి వాళ్ళ పిల్లలు 'గేవ్' అంటారు. తీసుకునేవాడొకడు, ఇచ్చేవాడొకడు, మధ్యలో మనవాడొక్కడే నిజంగా కూర్చుని రాస్తున్నాడు.

మరి మన తెలుగు ఏమైంది? ఏ రోజు పేపరు తిరగేసినా 'చర్యలు తీసుకుంటాం', 'శ్రద్ధ తీసుకోవాలి', 'రెండేళ్ళ సమయం తీసుకుంటుంది'. టైం పట్టడం మానేసి తీసుకోవడం మొదలుపెట్టింది. శ్రద్ధ పెట్టేవాళ్ళు లేరు. ఈ కాలవకి గండి కొట్టింది ఎవరో కాదు, డెస్కుల్లో కూర్చున్న మేమే. పదకొండు గంటలకి పేజీ వెళ్ళిపోవాలి, కాగితంలో టేక్ అని కనిపిస్తుంది, వేళ్ళు 'తీసుకో' అని కొట్టేస్తాయి. టెక్సాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోన్ పెట్టేసే ముందు "టేక్ కేర్ బాబాయ్" అంటాడు. తెలుగులో అనరా అని ఒకసారి గునిస్తే "జాగ్రత్తలు తీసుకో బాబాయ్" అన్నాడు. కరోనా ప్రకటనలాగా వినిపించింది. మా కింది వాటాలో కరీంనగర్ పెద్దావిడ ఉండేది. మనవడు బండి స్టార్ట్ చేస్తుంటే "పైలం బిడ్డా" అనేది. ఒక్క మాట, క్రియే లేదు.

చాలా ఏళ్ళు నేను ఈ తప్పంతా ఇంగ్లీషు మీదకి తోసేసి హాయిగా ఉన్నాను. తరవాత ఒకరోజు మా నాన్న మాటలు గుర్తొచ్చాయి. ఇంటికెవరొచ్చినా "కాఫీ పుచ్చుకుంటారా?" అనేవాడాయన. పెళ్ళి ఖాయమైతే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఊళ్ళో ఒకాయన సన్యాసం పుచ్చుకున్నాడు. నాన్న కోపం వస్తే కర్ర పుచ్చుకునేవాడు, జాతరలో మా చెయ్యి పుచ్చుకునేవాడు. అంటే తినడం, తాగడం, అందుకోవడం, పట్టుకోవడం, ఒప్పుకోవడం, అన్నింటికీ ఒకటే క్రియ. టేక్ చేసే పనుల్లో సగం అది చేసేది. ఇక మా ఇన్‌ఛార్జి గారి ఒంటిచేతి సిద్ధాంతం ఏం కావాలి? మనకీ అలాంటి చెయ్యి ఉండేది. అది ఇంగ్లీషు కాదు. అంతకంటే నాకు బాధ కలిగించింది ఏమిటంటే, తీసుకోవడం ముందుగా తోసేసింది ఈ పుచ్చుకోవడాన్నే. తీసుకోవడం కూడా పరాయిది కాదు, 'తీసి' పక్కన 'కొను' చేరితే పుట్టిన మన పిల్లే.

ఇంగ్లీషులోనూ ఇలాంటిదే జరిగింది, కాకపోతే అక్కడ తోసేసింది పరాయిది. టేక్ పుట్టుకతో ఇంగ్లీషువాడిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు తూర్పు, ఉత్తర సీమల్లో దిగి పాతుకుపోయిన స్కాండినేవియా వాళ్ళ 'టాకా' అది. 'వాళ్ళు' అనడానికి ఇంగ్లీషువాడు వాడే 'దే' కూడా ఆ పడవల్లో వచ్చిందే. అప్పటిదాకా తీసుకోవడమనే పని చేసిన సొంత క్రియ 'నిమన్'. దాని తోబుట్టువు 'నేమెన్' జర్మనీలో ఇప్పటికీ సంసారం చేసుకుంటోంది. ఇంగ్లండులో మాత్రం నిమన్ కొన్ని వందల ఏళ్ళు నలిగి, 'నిమ్' అని కుదించుకుపోయి, చివరికి దొంగల నోట మిగిలింది. నిమ్ చేయడమంటే కొట్టేయడం. షేక్‌స్పియర్ ఐదో హెన్రీ నాటకంలో చేతివాటం ఉన్న సిపాయికి నిమ్ అనే పేరు పెట్టాడు, చివరికి వాడికి ఉరి పడుతుంది. ఆ వంశంలో మర్యాదగా బతుకుతున్న ఒక ముక్క 'నమ్', అంటే తిమ్మిరెక్కిన అని. అసలు అర్థం 'పట్టేయబడిన' అని. మనమూ 'కాలు పట్టేసింది' అంటాం కదా.

నిమన్ గతి ఇలా అయిందని చదివాక మా పేపరు తీసి పుచ్చుకోవడం ఎక్కడైనా మిగిలిందా అని వెతికాను. దొరికింది. జిల్లా పేజీలో, అడుగున, సింగిల్ కాలమ్‌లో. లంచం పుచ్చుకుంటూ ఏసీబీకి చిక్కిన ఉద్యోగి. ఇంకోటి, మందు పుచ్చుకుని బండి నడిపినవాడు.

మొన్న శ్రావణ శుక్రవారం మా ఇంట్లో వాయినాలు. పై ఫ్లోర్‌లో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇచ్చేవాళ్ళు ఇచ్చానని, అందుకునేవాళ్ళు పుచ్చుకున్నానని మూడుసార్లు అనుకోవాలి కదా. మా ఆవిడ అనిపిస్తుంటే ఆ పిల్ల బుద్ధిగా మూడుసార్లూ అంది. శనగలు కొంగులో సర్దుకుంటూ, "ఆంటీ, పుచ్చుకోవడమంటే ఏంటి?" అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది, పేపరాయన మీరు చెప్పండి అన్నట్టు.

"తీసుకోవడమేనమ్మా" అన్నాను.