ఇంటిపేరులో దాగిన ఊరు

రష్యన్ ఇంటిపేర్లలో చాలావాటికి మూలం పూర్వీకుడి పేరు. ఇవాన్ సంతతివారు ఇవానోవ్‌లైనట్టు, ‘ఓవ్’, ‘ఇన్’ వంటి ప్రత్యయాలు ఫలానావాని బిడ్డ అన్న సంబంధాన్ని పేరు చివర చేర్చి చెబుతాయి. తెలుగువారి ఇంటిపేరు మనిషి పేరుకు ముందు నిలుస్తుంది, అందులో తాత కంటే ఊరే తరచుగా కనిపిస్తుంది. కల్లూరు వంటి ఊరిపేరు ఇంటిపేరుగా మారినప్పుడు ‘కల్లూరి’ కావడం, అంటే వ్యాకరణం ఔపవిభక్తికమని పిలిచే ‘ఇ’కారం చివర చేరడం, ఆ ఊరివారన్న సంబంధాన్నే తెలుపుతుంది.

ఊళ్లో అందరూ ఆ ఊరివారే కనుక ఊరిపేరు అక్కడ ఎవరినీ వేరుచేసి చూపదు. పొలిమేర దాటినవారికే అది గుర్తుగా పనికివస్తుంది. కరువు తరిమినా, చదువు పిలిచినా జనం బళ్లారికీ మైసూరుకూ తరలిపోయిన అనంతపురం వంటి సీమలో ఈ సూత్రం బాగా రుజువవుతుంది. 1893లో రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించి, అన్నమాచార్య కీర్తనలకు స్వరాలు కూర్చిన అనంతకృష్ణశర్మను లోకం ‘రాళ్లపల్లి’ అనే పిలిచింది. నటుడు రాఘవ కథ ఇంకా విచిత్రం: అనంతపురం జిల్లా ఏర్పడిన 1882కు రెండేళ్ల ముందు తాడిపత్రిలో పుట్టిన ఆయన ఇంటిపేరు తాడిపత్రే అయినా, వకీలుగా స్థిరపడిన బళ్లారి దాన్ని పక్కకు నెట్టి ఆయన పేరుకు ముందు చేరింది.

ఊరు విడవకుండానే ఊరిపేరును ధరించినవారూ లేకపోలేదు. 1917లో తరిమెలలో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు నాగిరెడ్డిది అటువంటి భూస్వామి కుటుంబం. అక్కడ ఇంటిపేరు వలసకు కాక, నేలమీది పట్టుకు గుర్తనుకోవడం అసంగతం కాదు. ఆయన సహచరుడు, ‘పెన్నేటి పాట’ కవి విద్వాన్ విశ్వం 1915లో అదే ఊళ్లో పుట్టినా ఆయన ఇంటిపేరు మీసరగండం. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ పెళ్లితో నీలంవారి ఇంటికి వెళ్లింది. 1952 ఎన్నికల్లో ఆమె భర్త సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించినది నాగిరెడ్డే. ఒకే ఊరివారికి వేర్వేరు ఇంటిపేర్లు ఉండవచ్చు, వేర్వేరు ఇంటిపేర్లవారు బంధువులూ ప్రత్యర్థులూ కావచ్చు. కాబట్టి ఇంటిపేరు వినగానే మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ తేల్చేసే అలవాటు, అదెంత పాతదైనా, నమ్మదగినది కాదు.

నేటి దరఖాస్తుల్లో తరిమెల, తాడిపత్రి రెండూ ‘టి’ అనే ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కుదించుకుపోతున్నాయి. అందులోని ఊరి గుర్తు చెరిగిపోకుండా, పిల్లల పేర్లు నమోదు చేయించే తల్లిదండ్రులు ఇంటిపేరును పూర్తిగా రాయించడం మేలు.