కంటికి కనబడని ఖర్చు

బడికి చందా అడిగితే మన ఊళ్ళల్లో కాదనేవాళ్ళు తక్కువ. గది కట్టించాలంటే అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ముందుకొస్తారు. నాన్నగారి ఆబ్దికానికి పిల్లలకు భోజనం పెట్టించేవాళ్ళు, మనవడి పుట్టినరోజుకి నోటుపుస్తకాలు పంచేవాళ్ళు, ఫ్యాన్లు బిగించేవాళ్ళు, మంచినీళ్ళ ఫిల్టరు కొనిచ్చేవాళ్ళు ఎంతమందో. ఎన్నో సర్కారు బళ్ళ గోడల మీద దాతల పేర్లు చెక్కిన రాళ్ళు కనిపిస్తాయి. వాళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. అయితే కొన్నేళ్ళుగా మా పట్టణంలో నేను అడిగే చందా వేరు. చదవడం పట్టుబడని పిల్లవాడి పక్కన ఒక మనిషి రోజూ ముప్పావుగంట కూర్చోవాలి. ఆ మనిషి జీతానికి అడుగుతాను.

ఆ పిల్లవాడు బద్ధకస్తుడు కాడు. పాఠం చెవిన పడితే గుర్తుంచుకుంటాడు, నోటిలెక్క అడిగితే ఠక్కున చెబుతాడు. పుస్తకం తెరిస్తేనే చిక్కు. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో తెలివికి లోటుండదు. అక్షరానికీ దాని ధ్వనికీ ముడివేసే పనే మెదడుకు కష్టమవుతుంది. 2007లో 'తారే జమీన్ పర్' వచ్చాక ఆ పేరు చాలామందికి తెలిసింది, ఇంగ్లీషు బి, డిలు తారుమారు చేస్తారని కూడా తెలిసింది. తెలుగు చదువుకునే పిల్లల అవస్థ గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ద, ధ, థల మధ్య తేడా ఒక గీత, ఒక చుక్క. 'కి'కి గుడి పైనుంటుంది, 'కు'కి కొమ్ము పక్కనుంటుంది, 'కై' దగ్గరికొచ్చేసరికి పైనా కిందా రెండుచోట్లా చూడాలి. 'పద్మ'ని 'పదమ' అని చదివే పిల్లవాడికి ఆ మ-వత్తు కనబడుతూనే ఉంటుంది. దాన్ని ఏ క్షణంలో, దేనితో కలిపి పలకాలో తేలక ఆగిపోతాడు. ఈలోగా వెనక బెంచీలో నవ్వు మొదలవుతుంది.

మా సాయంత్రం తరగతిలో పాఠం చెప్పే టీచరమ్మ పని చూస్తూ కూర్చోవడం నాకిష్టం. ఇసుక పోసిన పళ్ళెంలో పిల్లవాడి చేత వేలితో 'ద' రాయిస్తుంది, రాస్తున్నంతసేపూ పైకి పలికిస్తుంది. 'ద' స్థిరపడేదాకా 'ధ' జోలికి పోదు. వాచకంలో చదువుతున్న ఒక్క వరసే కనిపించేలా మిగతా పేజీ మీద అట్టముక్క కప్పుతుంది. పదం తప్పిపోతే వేలు మళ్ళీ మొదటి అక్షరం మీద పెట్టి ఊరుకుంటుంది. కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒక్కసారిగా పనిచెయ్యాలన్న ఈ పద్ధతికి 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే టీచరు దారివేశారు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి మనం ఒక్కరోజు చేయించే పనిని ఈ పిల్లల చేత నెలల తరబడి చేయించాలి. నలభైమంది ఉన్న తరగతిలో ఎంత మంచి టీచరుకైనా ఇది సాధ్యమయ్యే పని కాదు. ఇంత చేసినా ఆ పిల్లలు బహుశా ఎప్పటికీ నిదానంగానే చదువుతారు. కానీ చదువుతారు.

చందాలో రెండో ఖర్చు గురించి చెబితే దాతలు కొంచెం ఆశ్చర్యపోతారు. అది వైకల్య ధ్రువపత్రం కోసం తిరిగే బస్సు ఛార్జీలు. 1995 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియాకు చోటే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీన్నీ చేర్చారు. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. ఆ పత్రం చేతికి రావాలంటే నిపుణులు తెలివితేటల పరీక్ష, చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు చెయ్యాలి. చిన్న ఊళ్ళలో అలాంటివాళ్ళు ఎక్కడున్నారు? పెద్ద ఊరికి ఒకటికి రెండుసార్లు వెళ్ళాలి. కూలికి వెళ్ళే తల్లికి ప్రతి ప్రయాణానికీ ఒకరోజు కూలి పోతుంది. ఆ కూలి డబ్బు కూడా చందాలోంచే ఇస్తాం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడి టీచర్లు కష్టపడతారు. కానీ పైకి మామూలుగా కనబడే ఈ పిల్లవాణ్ణి అక్కడికి పంపాలని ఎవరికీ తోచదు.

చెక్కు ఇస్తూ పిల్లవాడితో ఫోటో దిగుతామని అడిగేవాళ్ళకి కుదరదని చెబుతాం. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, అయినా ఈ విషయంలో నేను మెత్తబడను. పదేళ్ళవాడు తన లోటు తన మొహంతో సహా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఎందుకు చూడాలి? కావాలంటే లెక్కల పుస్తకం చూపిస్తాం, ప్రతి రూపాయికీ రసీదు ఇస్తాం.

కంపెనీలను అడగొచ్చు కదా అంటారు. 2013 కంపెనీల చట్టం సామాజిక బాధ్యత కింద ప్రత్యేక విద్యను పేరుపెట్టి మరీ చేర్చింది. నేను కలిసినవాళ్ళు మాత్రం లబ్ధిదారులు ఎన్ని వందలమందని ముందే అడిగారు. ఒక్క టీచరు, గుప్పెడు పిల్లలు అంటే మాట అక్కడితో ఆగిపోయింది. అందుకే నాకు నెలనెలా ఐదువందలు పంపే కిరాణాకొట్టాయన మీదా, తలా రెండు వందలు వేసుకునే పదో తరగతి బ్యాచ్ మీదా గురి. మార్చిలో పన్ను మినహాయింపు కోసం ఒక్కసారి వచ్చే లక్ష మంచిదే. కానీ మధ్యలో జీతం ఆగి టీచరు మానేస్తే, కొత్తగా వచ్చినావిడ ముందు ఆ పిల్లవాడు నోరు విప్పడానికే మళ్ళీ కొన్ని వారాలు పడుతుంది.

వేసవిలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బడి మూశారు కదా, ఇంకా చందా ఎందుకని చాలామంది రెండు నెలలు ఆపేస్తారు. ఈ పిల్లలకు అప్పుడే సాధన తప్పకూడదు. చదివే అలవాటు కొద్ది వారాలు పోయినా, జూన్ 12న బళ్ళు తెరిచేసరికి వత్తులన్నీ మొదటికొస్తాయి. అందుకే పన్నెండు నెలలకూ మాట ఇమ్మని అడుగుతున్నాను. ఈసారి ఏప్రిల్ జీతం సర్దుబాటయింది. మే నెలది ఇంకా సగమే పోగయింది.