పంటు పనంతా ఒడ్డునే

వశిష్ఠ గోదావరికి ఇటు నరసాపురం, అటు సఖినేటిపల్లి, నడుమ పంటు. పాలకొల్లు మీదుగా వెళ్లి చించినాడ వంతెన ఎక్కి, దిండిలో దిగి, మలికిపురం చుట్టి కూడా అవతలికి చేరవచ్చు. కానీ అంత పెట్రోలు కాల్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకే మాధవాయిపాలెం రేవులో మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, కాలేజీ పిల్లలు, పెళ్లివారు అంతా ఒకే బల్ల మీద నిలబడి ఏరు దాటుతుంటారు.

పూర్వం రెండు చెక్క పడవల్ని జతగా కట్టి, పైన బల్లలు పరిచి, గెడలతో తోసేవారు. ఇప్పుడు ఇనప పంటు, డీజిల్ ఇంజను. కొత్తగా చూసేవాళ్లకి ఏరు దాటడమే ఘనకార్యంలా కనిపిస్తుంది. నన్నడిగితే అది తేలిక భాగం. పంటు నడిపే సరంగు నేర్పు, మోకులు లాగే కళాసీల ఒడుపు తెలిసేది పంటు ఒడ్డున ఉన్నప్పుడే.

ఎక్కించడమే చూడండి. బరువైన బండి నడిమధ్యకి, ఆటోలు రెండు పక్కలా సమంగా, మోటారు సైకిళ్లు మిగిలిన సందుల్లోకి. ముందుభాగంలో బరువు ఎక్కువైతే అవతలి ఒడ్డుకి చేరకముందే పంటు బురదలో దిగబడుతుంది. దించేటప్పుడు ఇంకో చిక్కు. ముందున్న కారు దిగగానే ఆ కొస తేలికై పైకి లేస్తుంది, పంటు వెనక్కి జారబోతుంది. అందుకే కళాసీ మోకు బిగించి పట్టుకుంటాడు, సరంగు ఇంజను ఆపకుండా ఒడ్డుకేసి నెట్టి ఉంచుతాడు. కార్లవాళ్లకి మాత్రం ఈ లెక్క ఎక్కదు. ఒడ్డు తగలకముందే స్టార్ట్ చేసి హారన్ కొడుతుంటారు.

సముద్రం దగ్గరే కాబట్టి ఇక్కడ ఏరు రోజూ రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. పోటు మీద నీరు ఎగువకి ఎక్కుతుంది, పాటు మీద దిగువకి లాగుతుంది. పాటు వేళ సరంగు ఎదుటి రేవుకి సూటిగా పోడు. కాస్త ఎగువకి ముక్కు పెట్టి నడుపుతాడు, మిగతా పని ప్రవాహమే చేస్తుంది. పోటు వేళ ఇదంతా తిరగబడుతుంది. నీరు బాగా తీసినప్పుడు ఒడ్డు వాలు నిటారై, దిగే కారు అడుగు గీసుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. పైగా ఇసుక మేటలు ఒకచోట ఉండవు. నిన్న లోతున్న దారిలో ఇవాళ గెడ నడుమెత్తుకే నేలని తాకవచ్చు. ఏ కాగితంలోనూ లేని ఈ పటం సరంగు బుర్రలోనే ఉంటుంది. ముందు కళాసీగా మోకులు లాగుతూ, చుక్కాని దగ్గరున్నవాణ్ణి చూస్తూ నేర్చుకున్నదది.

వరదకి మాత్రం ఎవరి నేర్పూ చాలదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక పడిందంటే దిగువ లంకలన్నీ అప్రమత్తమవుతాయి. పంటు మోకులకి బందీ అవుతుంది. రేవు వేలంలో పాడుకున్నవాడికి ఆ రోజుల్లో రాబడి సున్నా, పాట డబ్బు మాత్రం కట్టాల్సిందే. ఆ లోటు కొంతైనా పూడేది మాఘమాసంలో. భీష్మ ఏకాదశికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథోత్సవానికి జనం విరగబడి వస్తారు.

వంతెన మాట ఏళ్లుగా నడుస్తూనే ఉంది. రావాలి కూడా; అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషికి పోటూ పాటూ లెక్క చెప్పలేం కదా. అయితే వంతెన అంచనాల్లో సిమెంటుకి, ఇనుముకి పద్దులుంటాయి. సరంగులకి, కళాసీలకి ఆ తర్వాత ఏం పని చూపిస్తారన్న పద్దు కూడా అందులో ఉండాలని రేవు జనం అడగడం న్యాయమే.